తెర చాటు తొండి

వీడియో గేముల పోటీలు కూడా క్రీడలేనని మన కుర్రకారు ఇంట్లోనూ బయటా ఏళ్ల తరబడి వాదించింది. ఆ వాదన నెగ్గింది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శనకు మాత్రమే పరిమితమైన ఈ-స్పోర్ట్స్, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడల నాటికి ఏడు అంశాల్లో పతకాల పోటీ అయింది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడోత్సవాల్లో భాగంగా గుర్తించి క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించిన 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా వీటిని ఆ జాబితాలో కలపకుండా, ప్రోత్సహించవలసినవిగా పక్కన పెట్టింది. ఇంత గౌరవం దక్కిన ఆటను విజయవాడ, గుంటూరు నగరాల హాస్టల్ గదుల్లో, గేమింగ్ కేఫ్‌లలో, కళాశాలల వార్షికోత్సవాల్లో ఎలా ఆడుతున్నారో ఒక్క పూట కూర్చుని విన్నవారికి ఆ గౌరవం మీద అనుమానం కలగక మానదు.

చూసినవారికి అని అనకపోవడానికి కారణం ఉంది. తెర మీద కనిపించేది వేగం, గురి, నలుగురి సమన్వయం; అవన్నీ మెచ్చుకోదగినవే. చెవిన పడేది వేరు. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వంటి కాల్పుల ఆటలో నలుగురు కలిసి ఒక స్క్వాడ్‌గా, అంటే జట్టుగా దిగుతారు, మైకు తెరిచి ఉంటుంది, వారిలో ఒకరు ముందుగా చనిపోతే తప్పు ఎవరిదన్న తగువు మొదలవుతుంది, మూడో మాటకల్లా తల్లి, నాలుగో మాటకల్లా అక్కచెల్లెళ్లు ఆ తగువులోకి వచ్చేస్తారు. ఆ తరువాత యాస, జిల్లా, కులం. జట్టులో ఆడపిల్ల గొంతు వినబడితే ఆట సంగతి మరిచి ఆమె వెంట పడేవారు కొందరు, ఆడటం రాదని తరిమేవారు కొందరు. అందుకే ఎంతోమంది అమ్మాయిలు మైకు మూసుకొని, మగపేరో ఏ పేరూ కానిదో పెట్టుకొని ఆడుతున్నారు. ఆట నేర్చుకోవడానికి మాట పోగొట్టుకోవలసిన పరిస్థితి మరే క్రీడలోనైనా ఉంటే ఈపాటికి పెద్ద రభసే జరిగి ఉండేది.

ఆటలో ఎకసెక్కం ఉండకూడదని మేము అనడం లేదు. కబడ్డీ బరిలో కూత పెట్టి వచ్చేవాడిని కవ్వించడం, పేకాటలో ఓడిన మేనమామను రెండు రోజుల పాటు ఆటపట్టించడం మనకు కొత్త కాదు. అది లేని ఆట చప్పగా ఉంటుంది. అయితే కవ్వింపుకు ఒక హద్దు ఉంది. అది అవతలివాడి ఆట మీద ఉంటుంది, పుట్టుక మీద ఉండదు. అవతలివాడు కూడా నవ్వగలిగినంత వరకే సాగుతుంది. పైగా ఈ దూషణల్లో కొన్ని మర్యాదకు సంబంధించినవి మాత్రమే కావు. స్త్రీ గౌరవాన్ని భంగపరిచే మాటలను భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ నేరంగా చెబుతోంది. దళితులను, గిరిజనులను నలుగురిలో కులం పేరుతో తిట్టడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఫోనులోని మైకు ముందు అన్నాం కాబట్టి అది ఆటలో భాగమేనని ఎవరైనా అనుకుంటుంటే ఆ భ్రమ నుంచి బయటపడటం మంచిది.

ఇక తొండి. గోడ అవతలి మనిషి కనిపించేలా చేసే, గురి దానంతటదే కుదిరేలా చేసే దొంగ సాఫ్ట్‌వేర్ల గురించి అందరికీ తెలుసు. 2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన కౌంటర్ స్ట్రైక్ అనే కాల్పుల గేమ్ పోటీలో ఆప్టిక్ ఇండియా జట్టు సభ్యుడొకరు ఆట మధ్యలోనే అలాంటి సాఫ్ట్‌వేర్‌తో దొరికిపోయాడు. నిర్వాహకులు కంప్యూటరును పరిశీలిస్తుండగా దాన్ని చెరిపేయబోయిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. అంతకు ముందే ఒకసారి నిషేధానికి గురైన అతడికి ఈసారి అయిదేళ్ల నిషేధం పడింది. అతడి సంగతి అలా ఉంచితే, ఏ తప్పూ చేయని తక్కిన నలుగురి జట్టు కూడా రద్దయింది. అప్పుడప్పుడే విదేశీ పెట్టుబడి వస్తున్న భారతీయ ఈ-స్పోర్ట్స్‌కు ఆ ఒక్క ఘటన తెచ్చిన చెడ్డపేరు చాలాకాలం వదలలేదు.

మన ఊళ్ల పోటీల్లో తొండికి అంత సాంకేతిక నైపుణ్యం కూడా అక్కరలేదు. పైకి ప్రత్యర్థులుగా దిగిన రెండు స్క్వాడ్లు ఒకరినొకరు కాల్చుకోకూడదని ముందే మాట్లాడుకుంటాయి. పోటీ జరిగే ఆన్‌లైన్ గదిలోకి ప్రేక్షకుడిగా వచ్చిన స్నేహితుడు ఎవరు ఎక్కడ దాక్కున్నారో ఫోనులో చేరవేస్తాడు. ప్రత్యర్థి ప్రత్యక్ష ప్రసారాన్ని పక్క ఫోనులో పెట్టుకొని చూస్తూ వేటాడేవారు మరికొందరు. ఇక ఓటమి ఖాయమని తేలగానే నెట్ పోయిందంటూ మధ్యలో తప్పుకొని, మళ్లీ ఆడించాలని పట్టుబట్టడం మామూలైపోయింది. ఆ గదిలో చేరడానికి రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ పంపే నిర్వాహకుడే ఏదో ఒక జట్టులో ఆడుతున్నప్పుడు ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి?

ఇదంతా పాడైపోయిన పిల్లల వ్యవహారమని తీర్పు చెప్పేయడం పెద్దలకు సులువు. వాస్తవం అంత సులువుగా లేదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటను నడిపే రయట్ గేమ్స్ సంస్థ ఒకప్పుడు తన ఆటగాళ్ల సంభాషణలను పరిశీలించినప్పుడు, దురుసు మాటల్లో అత్యధిక భాగం నిత్యం తిట్టేవారి నుంచి కాక, మామూలుగా బుద్ధిగా ఆడుతూ ఏదో ఒక రోజున అదుపు తప్పేవారి నుంచే వస్తోందని తేలింది. అదే సంస్థ అప్పట్లో ప్రత్యర్థి జట్టుతో మాట్లాడే సౌకర్యాన్ని తీసివేయలేదు; మొదట మూసి ఉంచి, కావలసినవారు తెరుచుకునేలా మార్చింది. ఆ చిన్న మార్పుతో చెడు సంభాషణ 30 శాతానికి పైగా తగ్గిందని, మొత్తం మాటల వాడకం మాత్రం తగ్గలేదని సంస్థ ప్రకటించింది. ముఖం కనబడదు, పేరు అసలుది కాదు, ఓడినప్పటి రక్తం ఇంకా చల్లబడదు; ఆ క్షణంలో ఒక చిన్న అడ్డు ఉంటే చాలామంది ఆగుతారు. ఆగనివారి కోసమే శిక్షలు కావాలి.

ఆ శిక్షల బాధ్యతను కంపెనీలకు వదిలేసి ఊరుకోవడం మన దగ్గర జరుగుతున్న పొరపాటు. అవి చేయగలిగింది అవి చేస్తూనే ఉన్నాయి. డోటా 2 ఆటలో దొంగ సాఫ్ట్‌వేర్ వాడిన 40,000కు పైగా ఖాతాలను 2023 ఫిబ్రవరిలో వాల్వ్ సంస్థ ఒక్కసారిగా నిషేధించింది. అయితే నిషేధం పడేది ఖాతా మీద, మహా అయితే పరికరం మీద. మనిషి మరో నంబరుతో మరో ఖాతా తెరుచుకుంటాడు. ఎక్కడో ఉన్న సర్వర్‌కు గుంటూరు బ్రాడీపేటలో ఎవరు ఎవరిని ఏ మాట అన్నారో, తెలుగులో ఆ మాట బరువు ఎంతో తెలియదు. తెలిసిన మనుషులు ఇక్కడే ఉన్నారు. స్థానిక పోటీల్లో ఆడేవారంతా ఎదురెదురుగా కూర్చునే కుర్రాళ్లు. వారి అసలు పేర్లు, తరగతులు నిర్వాహకుల దగ్గర ఉంటాయి. ముసుగు లేని చోట కూడా క్రమశిక్షణ లేదంటే తప్పు యంత్రానిది కాదు, నిర్వహణది.

చదరంగంలో ఏం జరుగుతుందో చూడండి. కోనేరు హంపి వంటి ప్రపంచ విజేతను ఇచ్చిన ఈ ప్రాంతంలో పోటీ చదరంగం ఆడే పదేళ్ల పిల్లలకు కూడా ఆటకు ముందు చేయి కలపాలని తెలుసు. అది ఒట్టి సంప్రదాయంగా మిగలలేదు. 2008 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో ఒక గ్రాండ్‌మాస్టర్ ప్రత్యర్థికి చేయి ఇవ్వడానికి నిరాకరించినందుకు అక్కడికక్కడే ఓడినట్లు ప్రకటించారు. అప్పీలు మీద ఆటను తిరిగి పెట్టినా, అతడు చేయి కలిపిన తరువాతే అది మొదలైంది. మర్యాదకు పాయింటు విలువ కట్టిన ఆటకూ, అది ఎవరి ఇష్టం వారిదని వదిలేసిన ఆటకూ తేడా వస్తుంది.

మరో సంగతిని కూడా నిర్వాహకులు గమనించాలి. 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం ఈ-స్పోర్ట్స్ పోటీలో ప్రవేశ రుసుము తీసుకోవచ్చు, ప్రతిభను బట్టి బహుమతి కూడా ఇవ్వవచ్చు. ఆ రుసుము కేవలం పోటీలో చేరడానికి, నిర్వహణ ఖర్చులకు ఉద్దేశించినదై ఉండాలి, పందెం మాత్రం కూడదు. జట్లు తెచ్చిన డబ్బునంతా కుప్పపోసి నెగ్గినవారికి ఇచ్చేసే గల్లీ టోర్నమెంట్లు ఆ గీతకు ఎంత దగ్గరగా నడుస్తున్నాయో వారికే తెలియాలి. సంక్రాంతి బరుల మీద ఏటా గొంతు చించుకునే మేము ఇక్కడ మాత్రం చూసీ చూడనట్లు ఉండలేము. పందెం డబ్బు వచ్చిన చోటికి తొండి, తిట్లు పిలవకుండానే వస్తాయి.

యూట్యూబులో తమ ఆటను ప్రసారం చేస్తూ కోపాన్నే వినోదంగా అమ్ముకునే స్ట్రీమర్లకు నచ్చజెప్పే శక్తి ఒక పత్రికకు లేదు. వారి వీక్షకులకే ఉంది. కళాశాలలకు మాత్రం చెప్పగలం. కళాశాల పేరుతో, కళాశాల వైఫైతో జరిగే పోటీ కళాశాల కార్యక్రమమే. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం కింద ప్రతి విద్యాసంస్థలోనూ ఉండవలసిన అంతర్గత ఫిర్యాదుల కమిటీకి, గేమ్‌లో తనను వేధించారని ఒక విద్యార్థిని రాసిచ్చిన కాగితం కూడా చేరాలి, విచారణ జరగాలి. వార్షికోత్సవాల కాలం మొదలయ్యేలోగా ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తన అనుబంధ కళాశాలలకు ఒకే పేజీలో నియమావళి పంపితే సరిపోతుంది: ఏ జట్టుకూ చెందని రిఫరీ ఉండాలి, ప్రతి ఆటగాడూ తన తెరను రికార్డు చేసి అడిగినప్పుడు ఇవ్వాలి, ప్రసారం కొన్ని నిమిషాలు ఆలస్యంగా సాగాలి, బూతుకు మొదటిసారి పాయింట్ల కోత, రెండోసారి జట్టు మొత్తానికి ఉద్వాసన. ఇందులో ఏదీ ఖర్చుతో కూడినది కాదు. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ శాప్, ఇతర క్రీడలకు చేస్తున్నట్లే దీనికీ రిఫరీలకు శిక్షణ ఇస్తే, పోటీలు నడిపే విద్యార్థుల్లోంచే తగినవారు దొరుకుతారు.