తాళం వేసిన ధాన్యాగారానికి ఓ బ్రిటన్ రైతు విన్నపం

బ్రిటానియా ఉత్తర సరిహద్దు, క్రీ.శ. 76, చలికాలం

మహారాజశ్రీ రోమన్ సైనిక ధాన్యాగారం గారి దివ్య సముఖమునకు,

పొద్దున్నే వచ్చి మీ గుమ్మం ముందు కూర్చున్నవాణ్ణి, చీకటి పడ్డాక ఇప్పుడే లేచాను. తమరు కులాసాగానే ఉన్నారు. తేమ తగలకుండా మిమ్మల్ని గుంజల మీద ఎత్తి కట్టారు, కింద గాలి చక్కగా ఆడుతోంది. బురదలో కూర్చున్నవాడికి అదంతా బాగా కనబడుతుంది లెండి.

నాకు లాటిన్ రాదు. ఈ ఉత్తరం రాసిపెడుతున్న గుమాస్తా గారికి రెండు కోళ్ళు ఇచ్చుకున్నాను.

ఈసారి వానలకి పంట సగం పోయింది, సైన్యానికి కట్టాల్సిన ధాన్యం తక్కువైంది. కొని కట్టమన్నారు. ఎక్కడ కొనాలయ్యా అంటే, మీ దగ్గరే! సరే, వాళ్ళ నోటికొచ్చిన ధరకి మీ కడుపులో ఉన్న గోధుమలు కొన్నాను, వాటినే శిస్తు కింద మళ్ళీ మీకే జమ కట్టుకున్నారు. ఇంత బేరం జరిగింది, మీ తలుపు మాత్రం తెరుచుకోలేదు. గింజ కదల్లేదు, తాళం కదల్లేదు, కదిలింది ఒక్కటే, మా ఎర్ర ఎద్దుని అమ్మిన డబ్బు.

ధాన్యం ఉన్నవాడి గతి ఇంకా బ్రహ్మాండం. మా వియ్యంకుడి పొలం పక్కనే శిబిరం, అక్కడ సైనికుడు దగ్గితే ఈయనకి వినబడుతుంది. అయినా ధాన్యం మాత్రం దారీ తెన్నూ లేని కొండల అవతల శిబిరానికి తోలాలట, నాలుగు రోజుల బండి ప్రయాణం. గుమాస్తా చెయ్యి తడిపితే ఆ నాలుగు రోజుల దూరం నిలుచున్నపళంగా తగ్గిపోయి, పక్క శిబిరం మళ్ళీ పక్కకే వస్తుంది. రోమన్లు దారులు బాగా వేస్తారని ఊరికే అనలేదు. (రాసేవాడు ఇక్కడ కాస్త దగ్గాడు.)

మా తమ్ముణ్ణి సహాయక దళంలోకి పట్టుకుపోయారు, 25 ఏళ్ళు బతికి బయటపడితే రోమన్ పౌరుడవుతాడట, సంతోషం. ధనం మీద మోజు కూడదని నీతులు రాసిన రోమన్ తత్వవేత్త సెనెకా గారు మావాళ్ళకి వద్దన్నా 4 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) అప్పిచ్చి, అంతా ఒక్కసారే లాగేసుకున్నారని చెప్పుకుంటారు. అదీ వదిలేద్దాం.

కానీ నువ్వు! నా గోధుమలు తిని, నా గోధుమలే నాకు అమ్మి, రోజంతా ఎదురుగా కూర్చుంటే ఒక్క గింజ కూడా చూపించవా? సిగ్గుండక్కర్లా? 15 ఏళ్ళ కిందట మా రాణి బౌడికా రోమన్ల మీద తిరగబడి లేచినప్పుడు, వాళ్ళ పట్టణం కాములోడునంలో చక్రవర్తి గారి గుడి ముట్టడికి రెండు రోజులు తట్టుకుంది. నువ్వు ఒట్టి చెక్కవి. బెదిరించడం లేదు, చెక్క సంగతి చెబుతున్నా.

(ఈ చివరి మాటలు రాయనన్నాడు. ఇంకో కోడి ఇచ్చాను.)