అయ్యా రిమోట్ గారూ, నా భుజం సంగతేమిటి?

చేత్తో పట్టుకుని ఊపితే టీవీలో టెన్నిస్ ఆడించే వీడియోగేమ్ రిమోట్ గారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ కుశలం ప్రస్తుతానికి మీవైపే ఉంది. ఇటువైపు కుడి భుజానికి నొప్పి మందు రాసుకుని, ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఈ ఉత్తరం టైపు చేస్తున్నాను.

ఆదివారం భోజనాలయ్యాక హాయిగా నడుం వాల్చాల్సిన వేళ "ఫోన్లు పక్కన పెట్టి అందరం కలిసి ఆడుకుందాం" అన్నది నేనే. మీ డబ్బా మీద బొమ్మలో అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటే నమ్మేశాను. ఆ బొమ్మలో హాలు ఎంత ఖాళీగా ఉందో చూసుకోలేదు. మా హాల్లో దివాన్ ఉంది, టీపాయ్ ఉంది, బట్టలారేసిన స్టాండు ఉంది, చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తున్న మా అమ్మ ఉంది.

మీకూ మీ తమ్ముడు రెండో రిమోట్‌కీ కలిపి నాలుగు బ్యాటరీలు కావాలన్నారు. గోడగడియారంలోంచి ఒకటి, చిన్నోడి రైలింజన్లోంచి ఒకటి, టార్చిలైటులోంచి రెండు పీకి సమర్పించుకున్నాను. ఆ తర్వాత ముప్పావుగంట, టీవీలో మా బదులు ఆడే బొమ్మలకి మొహాలు తయారుచేసుకోవడానికే సరిపోయింది. నాలుగేళ్ల చిన్నోడికి మీసం కావాలి. అమ్మాయి నానమ్మ బొమ్మ చేసి, బొట్టు ఎంత వెతికినా దొరక్క, పుట్టుమచ్చను ఈడ్చుకొచ్చి నుదుటి మీద పెట్టింది. "నల్లబొట్టేమిటే నాకు?" అని మా అమ్మ గొడవ. పోనీలెండి, క్షమించాను.

ఇక చేతిపట్టీ. నా మణికట్టుకి పట్టింది గానీ ఏడేళ్ల పిల్ల చేతికి వదులు గాజులా జారిపోయింది. రెండో సర్వీసుకే మీ తమ్ముడు షోకేసు దాకా ఎగిరి, కొండపల్లి అంబారీ ఏనుగు మీద కూర్చున్న మావటివాడి తల లేపేశాడు. 2006లో నింటెండో వాళ్ల "వీ" అనే వీడియోగేమ్ కొత్తగా వచ్చినప్పుడు కూడా రిమోట్లు ఇలాగే పట్టీలు తెంపుకుని ఎగిరితే, ఆ డిసెంబరులోనే దాదాపు 32 లక్షల పట్టీలు మార్చిస్తామన్నారు. 0.6 మిల్లీమీటర్ల తాడు తీసేసి 1 మిల్లీమీటరుది వేశారు. అంటే ఎగరడం మీ జాతికి పుట్టుకతో వచ్చిన గుణమే. మావటివాడికి ఫెవికాల్ పెట్టాం. మెడ కొంచెం పక్కకి తిరిగింది. అదీ వదిలేశాను.

వదల్లేకపోతున్నది టెన్నిస్ ఒక్కటే.

నేను కాలేజీలో షటిల్ ఆడినవాణ్ణి. జిల్లా స్థాయి కాదులెండి, హాస్టల్ స్థాయి. అయినా షాట్ కొట్టాలంటే ముందు కాలు పడాలి, నడుం తిరగాలి, ఆ తర్వాతే భుజం అని తెలుసు. మీ ముందు అదే చేశాను. ప్రతి బంతికీ చేశాను. టీపాయ్ తప్పించుకుంటూ, ఫ్యాను రెక్కలు చూసుకుంటూ, కింది ఫ్లాటాయన పైకొస్తాడేమోనని మునివేళ్ల మీద గెంతుతూ.

అవతల నా ప్రత్యర్థి సోఫా మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఒక చేతిలో జంతిక, ఇంకో చేతిలో మీ తమ్ముడు. బంతి వచ్చినప్పుడల్లా దోమను తోలినట్టు మణికట్టు ఒక్కసారి విదిలిస్తాడు. అంతే. కోర్టులో వాడి మీసాల బొమ్మ తనంతట తనే పరుగెత్తుకెళ్లి బంతిని నా ఎడమపక్కకి కొడుతుంది. సగంసేపు వాడు టీవీ వైపు చూడనే లేదు, జంతికలో విరిగిన ముక్క దిండు కిందికి పోతే దానికోసం వెతుక్కుంటున్నాడు. మూడు గేములాడాం. మూడూ వాడివే.

మీలో ఉన్నది యాక్సిలెరోమీటరట. వేగం ఎంత చటుక్కున మారిందో కొలుస్తుంది గానీ, చెయ్యి ఎక్కణ్ణించి బయల్దేరి ఎక్కడికి చేరిందో దానికి పట్టదు. నడుం కలిసొచ్చేలా నేను తిప్పిన చుట్టంతా మీ లెక్కలో బద్ధకం. వాడి విదిలింపు మెరుపు! టీవీ కింద పెట్టమన్న ఆ సెన్సర్ బార్ కూడా పేరుకే సెన్సరు. అందులో ఉన్నవి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లైట్లే. దాని బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా మీకు తేడా తెలియదు. కొవ్వొత్తికీ బార్‌కీ తేడా తెలియనివారు నా బ్యాక్‌హ్యాండ్‌ని ఏం గుర్తుపడతారు?

ఆఫీసులో రోజూ ఇదే చూస్తున్నాను. పొద్దుట్నించీ చాకిరీ చేసినవాడు ఎవరికీ కనబడడు. సాయంత్రం ఆరింటికి ఒక్క మెయిలు విదిలించినవాడు మాత్రం భలే కనబడతాడు. అది అక్కడే వదిలేసి ఇంటికొస్తే, ఇంట్లో నువ్వు తయారయ్యావు! ఒక్క షాట్. ఒక్కటంటే ఒక్కటి ఒప్పుకోవచ్చుగా? మూడో గేములో కొట్టాను చూడు, దాని దెబ్బకి బట్టల స్టాండు బోల్తాపడింది. మా అమ్మ చిక్కుడుకాయలు వదిలేసి లేచి నిలబడింది. ఇంట్లో అందరూ చూశారు. నువ్వు ఒక్కడివే చూడలేదురా!

మన్నించాలి. "రా" అన్నాను. భుజం నొప్పి అలా అనిపించింది.

తర్వాత మీరు పెట్టిన ఫిట్‌నెస్ పరీక్ష గురించి రాయకూడదనే అనుకున్నాను. మా అమ్మ అసలు వయసు 68. మీ లెక్కలో నా వయసు 71. అప్పట్నించీ అమ్మాయి నన్ను తాతయ్యా అని పిలుస్తోంది. మా అమ్మ దాన్ని ఆపడం లేదు, చిక్కుడుకాయల మీదకి వంగి నవ్వుకుంటోంది.

ఇంకో మాట. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. రాత్రి అందరూ పడుకున్నాక, పదకొండున్నరకి టీవీ సౌండు తీసేసి, సోఫా మీద బోర్లా పడుకున్నాను. జంతికల డబ్బా దగ్గర పెట్టుకున్నాను. చిన్నోడు చేసినట్టే మణికట్టు విదిలించాను. భుజం నొప్పి తెలియనే లేదు. వరసగా రెండు గేములు గెలిచాను. మూడోది కూడా వచ్చేసినట్టే అనుకుంటుండగా మా ఆవిడ మంచినీళ్లకోసం లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. టీవీ వైపు చూడలేదు, నా చెయ్యి వైపే చూసింది.

"దోమలున్నాయా?" అంది.

ఉన్నాయన్నాను.

ఇట్లు,
తమ విధేయుడు
(వయసు 39, తమరి లెక్కలో 71)

తా.క.: గోడగడియారం బ్యాటరీ ఇంకా మీ దగ్గరే ఉంది. మా ఇంట్లో ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం మూడుంబావే.