పురానాపూల్ మీద నిలబడితే మూసీ ఎంత పెద్దదో తెలుస్తుంది

ఊరి నుంచి చుట్టాలొస్తే చార్మినార్ చూపిస్తాం, సాలార్‌జంగ్ మ్యూజియం చూపిస్తాం, మధ్యలో నయాపూల్ రాగానే కారు అద్దాలు ఎక్కించేస్తాం. కింద పారేది మూసీ అని, అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది అని చెప్పేవాళ్ళు తక్కువ. మొన్న ఆదివారం పనిగట్టుకుని దాన్ని చూడ్డానికే వెళ్ళా.

మొదట పురానాపూల్. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించాడు, అంటే చార్మినార్ కంటే 13 ఏళ్ళు పెద్దది, హైదరాబాద్ అనే ఊరు పుట్టకముందే ఉన్న వంతెన. ఇప్పుడు దానిమీద కూరగాయలమ్ముతున్నారు, టమాటా బుట్టలు, తడి గోనెసంచి మీద కొత్తిమీర కట్టలు. గోడ మీంచి వంగి చూస్తే 22 కమాన్లలో నీళ్ళు పారుతున్నవి కొన్నే, అవి కూడా నల్లగా, రాయికి తగిలిన చోటల్లా తెల్లటి నురగ కట్టి. మిగతా వాటి కింద గడ్డి, ప్లాస్టిక్ కవర్లు, పాత బట్టలు.

మరి 22 ఎందుకు కట్టినట్టు? నది ఎంత జాగా అడుగుతుందో తెలుసు కాబట్టి. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరదలో అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి, పురానాపూల్ మాత్రం దెబ్బతిన్నా నిలబడింది. 15 వేల మంది దాకా చనిపోయారంటారు. కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ఆయన కళ్ళముందే పోయారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు ఒకటుంది, ఆ రోజు దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. ఆ చెట్టు కింద కాసేపు నిలబడ్డా, మాట రాలేదు.

ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఆయన ప్లాన్ ప్రకారమే మూసీ మీద, దాని ఉపనది మీద రెండు జలాశయాలు వచ్చాయి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వరద భయం తగ్గింది, తాగునీళ్ళు దొరికాయి, చాలా గొప్ప పని. కానీ నాకనిపించేది ఏంటంటే కష్టం కూడా అక్కడే మొదలైంది, నీళ్ళన్నీ పైనే ఆగిపోవడంతో కింద ఏడాదిలో ఎక్కువ రోజులు నది ఖాళీగా కనిపించింది, ఖాళీగా కనిపించేసరికి అది నది కాదు జాగా అనుకున్నాం, ఊరు పెరిగేకొద్దీ నాలాలన్నీ అందులోకే తిప్పాం. ఇవాళ ఎండాకాలంలో సిటీలో పారేది దాదాపు మురుగే. పేదోళ్ళు గుడిసెలేసుకున్నారు సరే, రెండు పాయల మధ్య మహాత్మాగాంధీ బస్ స్టేషన్ కట్టింది ప్రభుత్వమే కదా, 2025 సెప్టెంబర్‌లో ఆ జలాశయాల గేట్లు ఎత్తితే నీళ్ళు నేరుగా ఆ బస్టాండ్‌లోకే వచ్చాయి. 2020 అక్టోబర్‌లో మూసారాంబాగ్ వంతెన మునిగింది. నది తన జాగాని మర్చిపోదు.

ఇప్పుడు రివర్‌ఫ్రంట్ అంటున్నారు, అంటే నది ఒడ్డుని అందంగా తీర్చిదిద్దే ప్రాజెక్టు. 2024లో నది లోపలి ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్బీ ఎక్స్ అని, తీసెయ్యాల్సిన ఇళ్ళకి గుర్తుగా, రాసి వెళ్ళారు. మూసీ బాగుపడాలని నాకూ ఉంది, చాలా ఉంది, కానీ వరస తప్పుతోంది. ముందు ప్రతి నాలా మురుగునీ శుద్ధి చేశాకే నదిలోకి వదలాలి, జంట జలాశయాల నుంచి ఏడాది పొడుగునా కొంచెమైనా మంచినీళ్ళు కిందకి వదలాలి, ఇల్లు తియ్యాల్సి వస్తే పని చేసుకునే చోటికి దగ్గర్లో ఇంకో ఇల్లు ఇచ్చాకే తియ్యాలి. వాకింగ్ ట్రాకులు, లైట్లు, టవర్లు ఆ తర్వాత. మురుగు పక్కన ఎంత అందమైన బెంచీ వేసినా ఎవరు కూర్చుంటారు? ఒడ్డుని సిమెంట్‌తో ఇరుకు చేస్తే ఇంకా ప్రమాదం, ఆ 22 కమాన్ల వెడల్పుకి ఎక్కడా తగ్గకూడదు.

తిరిగొచ్చేటప్పుడు కొత్తిమీర కొంటూ ఆ పెద్దమ్మని అడిగా, వరదొస్తే ఎట్లమ్మా అని. "ఈడిదాంక రాదు బిడ్డా, గా కింద ఇండ్లళ్ళకు వస్తది" అంది, వంతెన అవతల రేకుల ఇళ్ళవైపు చెయ్యి చూపించి. "మాదీ ఆడనే."