ఆశా సంచిలో డి విటమిన్ చుక్కలు ఉండాలి

ఏడాదిన్నర బిడ్డ కాళ్ళు దొడ్డిగా కనిపిస్తే ‘నడక కుదిరాక అవే సర్దుకుంటాయి’ అంటారు పెద్దలు. చాలామంది పిల్లల విషయంలో ఆ మాట నిజమే. రెండేళ్ళలోపు కొద్దిపాటి వంపు సహజం. కానీ మణికట్టు లావెక్కి, పక్కటెముకల కొసలు పూసల్లా తేలి, మాడు పూడక, పళ్ళు ఆలస్యమై, నిలబెడితే ఏడ్చే బిడ్డది సర్దుకునే వంపు కాదు. అది డి విటమిన్, కాల్షియం చాలక ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు. దాన్ని గుర్తించేనాటికి లోటు మొదలై నెలలు గడిచిపోయి ఉంటాయి. తరచు అది తల్లి కడుపులోనే మొదలవుతుంది.

గర్భంలోని శిశువుకు డి విటమిన్ అందేది తల్లి రక్తం నుంచే. ఆమెకే కొరత ఉంటే బిడ్డ తగిన నిల్వలు లేకుండానే పుడుతుంది. శిశువుకు రోజుకు 400 యూనిట్లు అవసరం కాగా, సాధారణంగా లీటరు తల్లిపాలలో అందులో నాలుగో వంతు కూడా ఉండదు. ఇది తల్లిపాలకు వంక పెట్టే మాట కాదు. మొదటి ఆరు నెలలు వాటికి మించిన ఆహారం లేదు, డబ్బాపాలు ఈ సమస్యకు పరిష్కారమూ కాదు. కొరత మరీ తీవ్రమైతే ఎముకలు వంగడానికి ఎంతో ముందే బిడ్డ రక్తంలో కాల్షియం పడిపోయి, పుట్టిన కొద్ది వారాలకే ఫిట్స్ రావచ్చు. ఈ ప్రమాదం గురించి గర్భిణులందరికీ ముందే చెప్పి తీరాలి.

ఎండకు కొదవలేని నేలలో ఈ కొరత ఏమిటన్న నమ్మకమే ఇన్నాళ్ళూ అడ్డుపడింది. తిరుపతిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆరోగ్యవంతులను పరీక్షించిన పరిశోధకులు డి విటమిన్ లోపం విస్తృతంగా ఉందని, తిండిలో కాల్షియం బాగా తక్కువని 2007లోనే ప్రకటించారు. అక్కడ చర్మం డి విటమిన్‌ను బాగా తయారుచేసుకునేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య అని కూడా తేలింది. మనం బిడ్డను పడుకోబెట్టేది ఏడు గంటల లేత ఎండలో. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు, కావలసిన అతినీలలోహిత కిరణాలు చాలావరకు వాతావరణంలోనే ఆగిపోతాయి. కిటికీ అద్దం వాటినీ రానివ్వదు. అలాగని పసిగుడ్డును మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉంచమని ఎవరూ చెప్పలేరు. అందుకే శిశువు విషయంలో ఎండ మీద భారం వేయడం సరికాదంటున్నాం.

తల్లి సంగతీ అంతే. గాలి తగలకూడదని బాలింతను గదికే పరిమితం చేసి, పథ్యం పేరిట పాలూ పెరుగూ ఆకుకూరా తగ్గించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళలకు పగలంతా నీడపట్టునే గడిచిపోతుంది. వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. తిండి చూస్తే, వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాముల దరిదాపే. డి విటమిన్ ఉన్నా కాల్షియం లేకపోతే ఎముక గట్టిపడదు. నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాల్లో కాళ్ళు వంకరపోయిన పిల్లలను 1970వ దశకంలోనే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అధ్యయనం చేశారు. అది వేరే జబ్బు. రెంటినీ కలిపేయకుండా తేల్చేందుకు మణికట్టు ఎక్స్‌రే, రక్తపరీక్ష పల్లె బిడ్డకూ అందాలి.

దేశవ్యాప్తంగా 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో 14 శాతం, ఐదు నుంచి తొమ్మిదేళ్ళవారిలో 18 శాతం, కౌమారంలో 24 శాతం మందికి డి విటమిన్ లోపం బయటపడింది. ఆ కౌమార బాలికలే రేపటి తల్లులు.

గర్భిణికి నాలుగో నెల నుంచి ప్రసవం తర్వాత ఆరు నెలల వరకు రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇవ్వాలని కేంద్రం 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. ఒక్కో మాత్రలో 250 యూనిట్ల డి విటమిన్ ఉంటుంది. మంచి పథకమే. అయితే ఐరన్ మాత్రకూ దీనికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలన్న సంగతి ఎందరికి చెబుతున్నారు? మాత్రలు చేతికిచ్చి రిజిస్టరులో గీత పెడితే పని అయిపోయినట్టు కాదు.

శిశువుకు ఆ పాటి ఏర్పాటూ లేదు. తొమ్మిదో నెలలో ఎ విటమిన్ ద్రావణం, ఆరో నెల నుంచి ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఇస్తోంది. డి చుక్కలు మాత్రం శిశువులందరికీ ఇచ్చే జాబితాలో లేవు. మొదటి ఏడాదంతా రోజుకు 400 యూనిట్లు ఇవ్వాలని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ప్రైవేటు వైద్యుడి చీటీ చేతిలో ఉన్న బిడ్డకు అవి దొరుకుతాయి, తండాలో పుట్టిన బిడ్డకు దొరకవు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక వియన్నాలో బ్రిటిష్ శాస్త్రవేత్త హారియెట్ చిక్ బృందం కాడ్‌లివర్ (కాడ్ చేప కాలేయపు) నూనెతో, సూర్యకాంతితో రికెట్స్‌ను నయం చేసి చూపింది. వందేళ్ళ కిందటే చేతికందిన వైద్యం పేదబిడ్డ దాకా చేరకపోవడం మాకు బాధ కలిగిస్తోంది.

తెలుగు రాష్ట్రాలు రెండూ ఈ పని మొదలుపెట్టాలి. ప్రసవమయ్యాక ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త సంచిలో చుక్కల సీసా ఉండాలి. మార్కెట్లో మిల్లీలీటరుకు 400 యూనిట్లవి, 800 యూనిట్లవి రెండూ ఉన్నాయి. ప్రభుత్వం ఒకే గాఢత గల మందు కొని, ఎన్ని చుక్కలు వేయాలో ఆశా చేత తల్లికి చూపించాలి. పెద్దలు వారానికోసారి వాడే 60,000 యూనిట్ల పొట్లాలు పసివాళ్ళకు సొంతంగా వేస్తే రక్తంలో కాల్షియం పెరిగిపోయి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. చీటీ లేకుండా వాటిని అమ్మే దుకాణాల మీద ఔషధ నియంత్రణ అధికారులు నిఘా పెట్టాలి. అంగన్‌వాడీ పాలలో ఎ, డి విటమిన్లు కలిపినవే సరఫరా చేయడం, పిల్లల తిండిలో రాగికి చోటివ్వడం టెండరు నిబంధనలు మారిస్తే అయ్యే పనులు. వచ్చే బడ్జెట్‌లో వీటికి పద్దు చూపించాలని ఇరు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులను కోరుతున్నాం.