సవరణ: టెస్ట్‌డిస్క్ పని వేరు, ఫోటోరెక్ పని వేరు

పోయిన పార్టిషన్లు (డిస్కును విడగొట్టిన భాగాలు), డిలీటైన ఫైళ్లు ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తెచ్చుకోవడం గురించి రాసిన గత పోస్టులో "టెస్ట్‌డిస్క్ నడిపితే ఫోటోలన్నీ పేర్లతో సహా వచ్చేస్తాయి" అనే వాక్యం ఉంది. దాన్ని కొట్టేసి ఇది చదవండి.

టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అనే రెండు ప్రోగ్రాములు ఒకే డౌన్‌లోడ్‌లో వస్తాయి. టెస్ట్‌డిస్క్ ముఖ్యంగా పార్టిషన్ టేబుల్‌ను, అంటే ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసి ఉండే పట్టికను సరిచేస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లు (ఫైళ్ల పేర్లు, అవి ఉన్న చోట్లు రాసుకునే పద్ధతులు) వాడే డిస్కుల్లో డిలీటైన ఫైళ్లను పేర్లతోనే తేగలదు, కానీ ఆ చోట కొత్త డేటా పడకుండా ఉంటేనే.

ఫోటోరెక్ అసలు ఫైల్ సిస్టమ్ జోలికే పోదు. డిస్కంతా జల్లెడ పట్టి ఫైళ్ల ఆనవాళ్లు వెతుకుతుంది. జేపెగ్ ఫోటో 'ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్' అనే బైట్లతో మొదలవుతుంది. అది కనబడగానే పట్టుకుంటుంది. పేర్లు, ఫోల్డర్లు ఆ బైట్లలో ఉండవు కదా! అందుకే ఫైళ్లన్నీ 'ఎఫ్' అక్షరం, వెనకాల అంకెలతో ఒకచోట కుప్పగా పడతాయి. పేరులో 'ఫోటో' ఉన్నా, ఫోటోరెక్ ఫోటోలకే పరిమితం కాదు. డాక్యుమెంట్లు, వీడియోలు కూడా తెస్తుంది. డిస్కులో ముక్కలుగా చెదిరిన పెద్ద వీడియోలు మాత్రం తరచూ పాడైపోయి వస్తాయి.

ఎస్ఎస్‌డీల (తిరిగే పళ్లేలు లేని చిప్ డిస్కుల) సంగతి గత పోస్టులో లేదు. ట్రిమ్ (డిలీటైన ఫైళ్ల చోటును ఎస్ఎస్‌డీ ఖాళీ చేసేసుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, డిలీటైన ఫైళ్ల మీద దాదాపు ఆశ వదులుకోవాల్సిందే.

ఇంకోటి: దొరికినవాటిని అదే డిస్కులో సేవ్ చేయొద్దు, వేరే డిస్కు పెట్టుకోండి. టెస్ట్‌డిస్క్‌లో 'రైట్' (Write, అంటే రాయడం) నొక్కితే పార్టిషన్ టేబుల్ నిజంగానే మారిపోతుంది. ముందు 'పీ' నొక్కి, మీ ఫైళ్లు కనబడుతున్నాయో లేదో చూసుకోండి.