ఆయిల్ మార్చక్కర్లేదట, టాపప్ చేస్తే చాలట!

వారం రోజుల్లో ఒకే మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. ఇంటర్ స్నేహితుల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, ఆఖరికి మా పెద్దమ్మ కొడుకు దగ్గర్నుంచి కూడా. "కార్ల కంపెనీలు దాస్తున్న నిజం" అని పైన పెద్ద హెడ్డింగు, కింద ఏడు పాయింట్లు. సింథటిక్ ఇంజన్ ఆయిల్ పాడవదు కాబట్టి దాన్ని మార్చడం దోపిడీ అని, తగ్గినప్పుడల్లా టాపప్ చేసుకుంటే చాలని, ఆయిల్ ఫిల్టర్‌ను పెట్రోల్‌తో కడిగి మళ్లీ బిగించుకోవచ్చని అందులో ఉంది. "నేను చేసి చూశాను, 40,000 తిరిగింది, బండి సూపర్" అని చివర్లో ఎవరిదో పేరు లేని సాక్ష్యం.

మొదటి రెండుసార్లు చూసి వదిలేశాను. మూడోసారి పంపిన స్నేహితుడు దాని కింద "ఈసారి నేనూ సర్వీస్ ఎగ్గొడుతున్నా" అని రాశాడు. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు చిన్నవి తేల్చేస్తాను.

"ఆయిల్‌ను ఉదయాన్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి." అక్కర్లేదు. కాస్త వేడిగా ఉంటేనే ఆయిల్ పలచబడి, అందులోని మడ్డితో సహా బాగా కారిపోతుంది.

"తేనె రంగులో ఉన్నంతకాలం ఆయిల్ బాగున్నట్టే, నల్లబడితే చచ్చినట్టే." డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసిని ఇంజన్ లోపలి గోడలకు అంటనివ్వకుండా తనలో పట్టి ఉంచడం ఆ ఆయిల్ పని. నల్లబడిందంటే ఆ పని చేస్తోందన్నమాట. తేనె రంగులో ఉన్నా పాతబడ్డ ఆయిల్ ఉండొచ్చు. రంగు చూసి భయపడాల్సింది ఒక్కటే: పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే కూలెంటో నీళ్లో ఆయిల్లో కలుస్తున్నాయని అర్థం. అప్పుడు వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

"మన ఎండలకు పలచటి ఆయిల్ ఆగదు, చిక్కటి 20డబ్ల్యూ-50 పోయించండి." బయట రామగుండం ఎండ ఉన్నా, ఊటీ చలి ఉన్నా, బండి వేడెక్కాక థర్మోస్టాట్ ఇంజన్‌ను ఇంచుమించు ఒకే వేడిలో ఉంచుతుంది. 0డబ్ల్యూ-20 అనే పలచటి గ్రేడులో ఆ రెండో అంకె 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉండాలో చెప్పేదే. ఆయిల్ పారే దారులు సన్నగా ఉండే ఇంజన్‌లో అంత చిక్కటి ఆయిల్ పోస్తే స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో అది పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది. మాన్యువల్లో ఏ గ్రేడ్ రాసి ఉంటే అది పోయించండి.

ఫిల్టర్ సంగతి. లోపల ఉండేది మడతలు పెట్టిన కాగితం లాంటి పదార్థం. దాని సందుల్లో ఇరుక్కున్న రజను పెట్రోల్‌లో ముంచితే పోదు. ఉన్న కాగితం మెత్తబడి చిరిగే ప్రమాదం మాత్రం వస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఫిల్టర్ పూడుకుపోతే ఇంజన్‌కు ఆయిల్ ఆగిపోకూడదని బైపాస్ వాల్వ్ ఒకటి పెడతారు. అది తెరుచుకుంటే వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగుల మీదికి పోతుంది. డ్రైవర్‌కు ఏమీ తెలియదు, లైటు కూడా వెలగదు. చాలా చిన్న కార్లకు కొత్త ఫిల్టర్ వంద, రెండు వందల రూపాయల్లో దొరుకుతుంది. అంతకోసం ఇంత సాహసమా? ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ మార్చాల్సిందే, ఇందులో బేరం లేదు.

ఇక అసలుది, నాకు మంట పుట్టించినది. "మార్చక్కర్లేదు, తగ్గినంత పోస్తే చాలు."

బజ్జీల బండి దగ్గర మూకుడు చూశారా? పొద్దున్నుంచి కాగి కాగి నల్లబడ్డ నూనెలో, తగ్గినప్పుడల్లా ప్యాకెట్ చించి కొత్త నూనె పోస్తుంటారు. మూకుడు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆ నూనె కొత్తదని ఎవరైనా అంటారా? మీ ఇంజన్లో మూడు లీటర్ల ఆయిల్ ఉందనుకోండి. అర లీటరు తగ్గితే అర లీటరు పోశారు. మిగతా రెండున్నర లీటర్లు పాతవే. మసిని పట్టి ఉంచే గుణం, ఆమ్లాన్ని విరిచే గుణం, అరుగుదలను ఆపే రసాయనాలు వాటిలో ఎంత ఖర్చయ్యాయో అంతా ఖర్చయినట్టే. వేడికి ఆక్సీకరణ చెంది చిక్కబడ్డ భాగం అలాగే ఉంటుంది. సింథటిక్ ఆయిల్ వేడిని మినరల్ ఆయిల్ కంటే బాగా తట్టుకుంటుంది, నిజం. కానీ అందులో కలిసే మసి, ఇంధనం, నీరు సింథటిక్ అని చూసి ఆగవు.

ఇది పుస్తకం చదివి చెప్పడం లేదు. మా మేనమామది డీజిల్ కారు. ప్రతి ఆదివారం ఆయిల్ కొలిచే స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, లెవల్ చూసుకునే మనిషి ఆయన. ఎవరో చెప్పారని మూడేళ్లపాటు టాపప్‌తోనే నడిపారు, 45,000 కిలోమీటర్లు. ఒకరోజు విజయవాడ వస్తుంటే సూర్యాపేట దాటాక ఆయిల్ లైటు వెలిగింది. పొద్దున్నే స్టిక్ చూసుకున్నారు, లెవల్ బాగుంది, సెన్సార్ పోయి ఉంటుందనుకుని ఇంకో పది కిలోమీటర్లు లాగారు. మొదట టకటకమని చప్పుడు, తర్వాత ఇంజన్ సీజ్.

మర్నాడు షెడ్డుకు నేనూ వెళ్లాను. మెకానిక్ పైన కవర్ విప్పాడు. అట్టలు అట్టలుగా, అచ్చం మామిడి తాండ్రలా, నల్లటి మడ్డి. స్క్రూడ్రైవర్‌తో గీస్తే ముక్కగా ఊడొచ్చింది. తర్వాత కింద ఆయిల్ నిలిచే ఛాంబర్ దించి, ఆయిల్‌ను పైకి లాగే జాలీ చూపించాడు. అందులో ఒక్క రంధ్రం కనపడలేదు. ఛాంబర్లో మాత్రం ఆయిల్ నిండుగా ఉంది. "నిండుగానే ఉంది కదా అల్లుడూ" అని మామయ్య నా వంక చూశారు. ఏం చెప్పను? ఉన్న ఆయిల్ పైకి ఎక్కే దారి లేదు. క్రాంక్ గీసుకుపోయింది, బేరింగులు పోయాయి, నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే టర్బో ఆయిల్ అందక మాడింది. బిల్లు లక్షా పదివేలు. ఆయన మూడేళ్లలో మిగిల్చుకున్నది పది వేలు ఉంటుందేమో.

"40,000 తిరిగింది, బండి సూపర్" అని రాసినవాడా, మామయ్య బండి కూడా 44,990 దాకా సూపరే! మడ్డి లోపల పేరుకుంటుంటే పికప్ తగ్గదు, మైలేజీ తగ్గదు, చప్పుడు రాదు. వచ్చిన రోజు ఇక చేసేదేమీ ఉండదు. నువ్వు పేరు కూడా పెట్టకుండా రాసిన ఆ ఒక్క వాక్యం నమ్మి ఎన్ని ఇళ్లలో ఇంజన్లు దించుతారో ఆలోచించావా?

ఆరో పాయింటు: "కారు తక్కువ తిరిగితే టైముతో పనిలేదు." ఇది ముఖ్యంగా రిటైరైనవాళ్ల కొంప ముంచేది. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా ఆవిరిగా పోతుంది, కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి ఛాంబర్‌లోకి దిగుతుంది. హైవే మీద గంటసేపు నడిపితే ఆ తడి ఆవిరైపోతుంది. రోజూ రైతుబజారుకు, గుడికి రెండేసి కిలోమీటర్లు నడిపి ఆపేస్తే ఆయిల్ వేడెక్కదు, తడి పోదు, మండని పెట్రోల్ కూడా అందులోనే ఉండిపోతుంది. "10,000 కి.మీ. లేదా 12 నెలలు, ఏది ముందైతే అది" అని మారుతి, హ్యుందాయ్ లాంటి కంపెనీలు రాయడం అందుకే. ఏడాదికి 3,000 తిరిగినా ఏడాదికోసారి మార్చాల్సిందే.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్6 డీజిల్ బండ్లవాళ్లు ఇంకో మాట వినాలి. ఆ ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. మధ్యలో బండి ఆపేస్తుంటే అందులో కొంత ఆయిల్లోకి జారుతుంది. స్టిక్ మీద లెవల్ తగ్గకపోగా పెరుగుతుంది. అది సంతోషించే విషయం కాదు, ఆయిల్ పలచబడిపోతోందని గుర్తు.

ఏడోది: "జర్మనీలో 30,000కి మారుస్తారు, మనకు 5,000కే మారుస్తారు, ఇది దోపిడీ." ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఫోక్స్‌వాగన్ లాంటి కంపెనీలకు యూరప్‌లో 30,000 కి.మీ. లేదా రెండేళ్ల షెడ్యూల్ ఉన్న మాట వాస్తవం. కానీ అది ప్రత్యేకమైన ఆయిల్‌తో, ఆ షెడ్యూల్‌కు తగ్గట్టు తయారు చేసిన కార్లకు. అదే కంపెనీ ఇక్కడి కార్లకు 15,000 లేదా ఏడాది అని చెబుతుంది.

5,000 సంగతికొస్తే, మెసేజ్ రాసినవాడిది కరెక్టే. ఇప్పటి పెట్రోల్ కారుకు, మామూలు వాడకంలో 5,000కే మార్చడం డబ్బు దండగ. అది పాత మినరల్ ఆయిళ్ల కాలం నాటి లెక్క. మెకానిక్ అద్దం మీద అంటించిన స్టిక్కర్ చూసి నేనూ ఆరేళ్లు అలాగే మార్పించాను. నా కారు తిరిగేది ఎక్కువగా హైవే మీదే, 10,000 దాకా ఆగొచ్చని మాన్యువల్లోనే ఉంది. బిల్లులో అడగకుండా ఎక్కించే ఇంజన్ ఫ్లష్ (లోపల కడిగే మందు), ఆయిల్లో కలిపే సీసా మందు మీద ఆ మెసేజ్‌కు వచ్చిన కోపం నాకూ ఉంది. మడ్డి పట్టిన పాత ఇంజన్‌కు ఫ్లష్ కొడితే ఊడిన ముక్కలు వెళ్లి ఆ జాలీకే అడ్డుపడొచ్చు. వద్దని చెప్పండి.

కానీ ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ ట్రాఫిక్‌లో పోయి వచ్చేవాళ్లు కిలోమీటర్ల రీడింగ్‌ను నమ్ముకోవద్దు. గంటకు సగటున 20 కి.మీ. చొప్పున 10,000 తిరగాలంటే ఇంజన్ 500 గంటలు ఆడాలి. 70లో పోయేవాడికి 143 గంటలు చాలు. రీడింగ్ ఇద్దరిదీ ఒకటే. మాన్యువల్లో సర్వీస్ పేజీ పక్కనే దుమ్ము రోడ్లు, దగ్గరి ప్రయాణాలు, ఆగి ఆగి నడపడం ఉన్నవాళ్లకు వేరే షెడ్యూల్ ఉంటుంది. సిటీలో తిరిగేవాళ్లలో చాలామంది చూడాల్సింది అదే. అలాంటివాళ్లు ఆరేడు వేలకు మారిస్తే నేను తప్పుపట్టను.

ఇంతకీ సర్వీస్ ఎగ్గొడతానన్న మిత్రమా, నీది టర్బో పెట్రోల్, పోయినేడు దసరాకు ముందు ఆయిల్ మార్పించావు, ఈ ఏడు దసరా కూడా దాటి రెండు నెలలైంది. ఈ రాత్రికి రీడింగ్ ఫొటో, పాత బిల్లు ఫొటో గ్రూపులో పెట్టు. శనివారం బండి తీసుకుని మా మెకానిక్ దగ్గరికి రా, నేనూ వస్తాను. ఆ జాలీ ఇంకా ఆయన షెడ్డులోనే మేకుకు వేలాడుతోంది, చూద్దువుగాని.