డాష్‌బోర్డు మీద అఖండదీపం

"బండి నడుస్తోంది కదా" అనే మాటకు తెలుగువారి తత్త్వచింతనలో దక్కవలసిన స్థానం ఇంకా దక్కలేదని నా అభిప్రాయం. ఆ మాట అన్న మనిషితో వాదించి నెగ్గినవారిని నేను ఇంతవరకు చూడలేదు. కప్పు కురుస్తున్నా ఇల్లు నిలబడే ఉంది కదా, బీపీ నూట డెబ్బై ఉన్నా మనిషి తిరుగుతూనే ఉన్నాడు కదా అనే వాదాలన్నీ ఈ మూలసూత్రానికి పుట్టిన పిల్లలే. నా ఎదుట ఆ సూత్రాన్ని ఉచ్చరించినవారు మా తోడల్లుడుగారు. ఉచ్చరించిన చోటు హైదరాబాదులో వారి అపార్టుమెంటు సెల్లారు. సందర్భం, కార్తీకమాసంలో రెండు కుటుంబాలు కలిసి తలపెట్టిన శ్రీశైల యాత్ర. అప్పటికి వారి కారు డాష్‌బోర్డు మీద ఇంజనులో ఏదో లోపముందని చెప్పే, ఇంజను ఆకారంలో ఉన్న నారింజరంగు దీపం వెలగడం మొదలుపెట్టి పదకొండు రోజులైంది.

వెలిగిన దీపాన్ని ఆర్పడం మన ఇంటావంటా లేని పని. అందులోనూ కార్తీకం. ఏడాదికి సరిపడా మూడువందల అరవై అయిదు వత్తులనూ ఒక్క పూట వెలిగించి పుణ్యం మూటగట్టుకునే జాతికి, తనంతట తానుగా, నూనె ఖర్చు లేకుండా, ఇరవైనాలుగు గంటలూ వెలిగే దీపం ఇంటికి వస్తే దానిని మెకానిక్కు చేత ఆర్పించాలనే దుర్బుద్ధి ఎలా పుడుతుంది? అయితే రాత్రిపూట ఆ వెలుగు కంట్లో పడుతోందని మా తోడల్లుడుగారు డాష్‌బోర్డు మీది వినాయకుడిని నాలుగంగుళాలు కుడివైపుకు జరిపి, దీపానికి సరిగ్గా అడ్డంగా అతికించారు. విఘ్నం కనబడకుండా చేయడం కూడా విఘ్నేశ్వరుడి విధుల్లో ఒకటని నాకు ఆనాడే తెలిసింది.

ఆయన అసలు చూపించుకోలేదని అనడం అన్యాయం. ఏసీ సరిగా రావడం లేదని సర్వీసు సెంటరుకు వెళ్లినప్పుడు, అక్కడి కుర్రాడు అడగకుండానే స్కానరు తగిలించి, పి0087 అనే కోడు వచ్చిందనీ, ఫ్యూయల్ రైలులో, అంటే ఇంజనుకు పెట్రోలు పంచే గొట్టంలో, ప్రెషరు తక్కువగా ఉందనీ, ఫిల్టరన్నా పూడుకుపోయి ఉండాలి, పెట్రోలు తోడే పంపన్నా పోవడానికి సిద్ధంగా ఉండాలి, లేదా వైరింగులోనో రిలేలోనో లోపముండాలి, విప్పి చూస్తేనే తెలుస్తుందనీ చెప్పాడు. "మనం రైల్లో పోవడం లేదు కదా బాబూ" అని మా తోడల్లుడుగారు చమత్కరించారట. ఈ చమత్కారాన్ని ఆయన నాకు మూడుసార్లు వినిపించారు. ఆ కుర్రాడు నవ్వకుండా, "ఇక్కణ్ణుంచి ఇంటిదాకా మెల్లగా పోవచ్చు సార్, రేపు బండి తెచ్చి ఇవ్వండి, లాంగు మాత్రం పెట్టుకోవద్దు, జర్కు వచ్చిందంటే అక్కడే పక్కకు ఆపేసి ఫోన్ చేయండి" అన్నాడట. పంపు హెచ్చరిక వచ్చిన కారును నడపవచ్చా అనే మహాప్రశ్నకు ఇంతకంటే చక్కని జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు. మా తోడల్లుడుగారికి అందులో "పోవచ్చు" అనే మాట ఒక్కటే వినిపించింది.

కంపెనీవాళ్లు భయపెట్టి డబ్బు గుంజుతారనేది ఆయన సిద్ధాంతం. ఆ కంపెనీలే లోపం సరిచేయడానికి తమ సొంత ఖర్చుతో కార్లను వెనక్కి పిలిచిన సంగతులు ఆయనకు పట్టవు. 2024 మార్చిలో మారుతీ సుజుకీ తన బలేనో, వ్యాగన్ఆర్ కార్లను 16,041 దాకా పిలిపించింది ఇంధనపు పంపు మోటారులోని ఒక భాగం కోసమే. అదే ఏడాది అక్టోబరులో హోండా 90,468 పాత కార్లకు పంపులు మారుస్తానని ప్రకటించింది. పంపులో పెట్రోలును నెట్టే చిన్న చక్రం, ఇంపెల్లరు, చెడి, ఇంజను నడుస్తూ నడుస్తూ ఆగిపోవచ్చునని ఆ కంపెనీయే చెప్పుకుంది. కంపెనీ వెబ్‌సైటులో చాసిస్ నంబరు కొట్టి చూసుకుంటే తన కారు ఆ జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది, ఉంటే పైసా అడగరు. ఉచితమంటే మజ్జిగ ప్యాకెట్టుకు కూడా ఎండలో వరుసకట్టే మనం, ప్రాణం మీదికి రాకుండా చేసే ఉచితానికి మాత్రం మహా అభిమానధనులం.

ఇక ప్రయాణానికి ముందురోజు సాయంత్రం సెల్లారులో జరిగిన మహాసభను వర్ణించకుండా ముందుకు సాగలేను. బానెట్ ఎత్తారు. వాచ్‌మన్, మూడో అంతస్తులో ఉండే రిటైర్డు ఇంజనీరుగారు, ఇస్త్రీ బండి అతను, మా తోడల్లుడుగారు నలుగురూ నాలుగు ఫోన్ల టార్చీలతో లోపలికి వంగి, శస్త్రచికిత్సలో ఉన్న వైద్యుల్లా నిశ్శబ్దంగా చూశారు. "అదిగో, తడిగా ఉంది" అన్నాడు వాచ్‌మన్. అది వైపరుకు పోసే నీళ్ల డబ్బా. పెట్రోలు కల్తీ అని ఇస్త్రీ అతను తీర్పు చెప్పాడు. ఇంజనీరుగారు నడుము నొప్పివల్ల ఎక్కువసేపు వంగలేక, వెనక డోరు తీసుకుని సీటు మీద చేరగిలబడి, అక్కణ్ణుంచే సలహాలు ఇవ్వసాగారు. "కుడిపక్కన చూడండి, పంపు అక్కడే ఉండాలి" అన్నారాయన. పెట్రోలు పంపు ఈ కార్లలో బానెట్ కింద ఉండదు. వెనక ట్యాంకులో, పెట్రోలులో మునిగి ఉంటుంది, దాని మూత వెనక సీటు కింద ఉంటుంది. అంటే ఇంజనీరుగారు సరిగ్గా పంపు మీదే కూర్చుని పంపు కోసం ముందువైపు వెతికిస్తున్నారన్నమాట. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం గురించి విన్నాను గాని, పిల్ల మీద కూర్చుని వెతికించడం అదే చూడటం. తాళం తిప్పినప్పుడల్లా వారి పిరుదుల కింద రెండు క్షణాల పాటు కుయ్యిమని ఒక మూలుగు వినిపించేది. దానిని ఆయన సీటు స్ప్రింగుల మీదికి నెట్టారు.

చివరకు ఫోనులో దొరికిన ఒక మెకానిక్కు, బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పదిహేను నిమిషాల తరువాత బిగించమన్నాడు. దీపం ఆరిపోయింది. సభ చప్పట్లు కొట్టింది. జ్వరం చూపిస్తున్న థర్మామీటరును నేలకేసి కొడితే జ్వరం తగ్గినట్టే గదా! మరునాడు కడ్తాల్ దాటకముందే దీపం మళ్లీ వెలిగింది, వినాయకుడు మళ్లీ జరిగాడు, "లైట్ తీసుకోండి తమ్ముడూ" అన్నారు మా తోడల్లుడుగారు.

ఆ పంపు చేసే పని గొప్పది కాదు, ట్యాంకులోని పెట్రోలును తోడి, టైరులోని గాలి కంటే ఎక్కువ ఒత్తిడితో, అంటే మూడు నాలుగు బార్లతో, ఇంజనుకు అందించడమే. తిరిగి తిరిగి వేడెక్కే ఆ మోటారును చల్లబరిచేది కూడా చుట్టూ ఉన్న పెట్రోలే. మరి మా తోడల్లుడుగారు ఏనాడైనా ట్యాంకు నింపించారా? "అయిదువందలకు కొట్టు" అనడమే తప్ప ఆయన నోట ఫుల్ అనే మాట రాదు. ముల్లు ఎర్రగీత మీద పడుకున్నాక కూడా ఇంకా నలభై కిలోమీటర్లు వస్తుందని పందెం కాస్తారు. నాలుగేళ్లుగా ఆ పంపు అడుగున మిగిలిన గుక్కెడు పెట్రోలులో, మడ్డిని పీల్చుకుంటూ, వేసవి చెరువులో చేపలా బతికింది.

బండి నడపడానికి రోజుకు వెయ్యి రూపాయలకు ఒక యాక్టింగ్ డ్రైవరును మాట్లాడారు. పాతికేళ్లు కూడా ఉండవు. డిండి దాటాక అతను, "సార్, పికప్ అందుకోవట్లేదు, వెనకనుంచి శబ్దం వస్తోంది, మన్ననూరులో ఆగి చూపిద్దామా" అని అడిగాడు. "నువ్వు గేరు సరిగా మార్చు" అన్నారు మా తోడల్లుడుగారు. చెక్‌పోస్టు దాటి నల్లమల అడవిలోకి వెళ్లాక బండి రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టింది. వటవర్లపల్లి అవతల ఒక మలుపులో, పల్లంలో, ఇంజను ఆగిపోయింది. ఇంజను ఆగినప్పుడు డాష్‌బోర్డు మీద ఆయిలు, బ్యాటరీ, ఇంకా ఎన్నెన్నో దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి. సాక్షాత్తు కార్తీక పౌర్ణమి. దీపాలన్నీ వెలిగాయి, ఇంజను కొండెక్కింది.

ఇంజను ఆగితే బండి ఊరికే ఆగిపోతుందని అనుకునేవారు ఒక్కసారి ఆ సీటులో కూర్చోవాలి. స్టీరింగు బండలా బిగుసుకుపోతుంది. బ్రేకు ఒకటి రెండు నొక్కులకు పలికి, ఆ తరువాత పెడలు రాయిలా మారుతుంది. ఆ కుర్రాడు రెండు చేతులతో స్టీరింగును లాగి, హ్యాండు బ్రేకు వేసుకుంటూ బండిని అంచుకు చేర్చాడు. వెనకనుంచి వచ్చిన ఆర్టీసీ బస్సు హారను కొడుతూ మా అద్దాన్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. నా ఎనిమిదేళ్ల కూతురు నా ఒళ్లో ఉంది. దానికి బెల్టు లేదు. ముగ్గురు కూర్చునే సీటులో అయిదుగురం ఉన్నాం.

ఆ కుర్రాడు దిగి, ఆగిన బండి వెనక హెచ్చరికగా పెట్టే ఎర్ర త్రికోణం డిక్కీలో ఉందా అని అడిగాడు. లేదు. కారుతో పాటు కంపెనీ ఇచ్చిన త్రికోణాన్ని, పులిహోర క్యారియరుకు చోటు చాలడం లేదని, ఇంట్లో అటక మీద పెట్టి వచ్చారు. అతను రోడ్డు పక్కన తంగేడు కొమ్మలు విరిచి, రెండు రాళ్లు తెచ్చి, మలుపుకు అవతల పరిచి, తువ్వాలు ఊపుతూ అక్కడే నిలబడ్డాడు. గంటా నలభై నిమిషాలు. మలుపు తిరిగే ప్రతి లారీకీ ముందు కనబడేది కొమ్మలు కాదు, ఆ మనిషి. లోపల కూర్చున్న మా తోడల్లుడుగారు, ఏసీ లేదని విసుక్కుంటూ, "నడపడం రాని వాడిని పంపించారు, ఇంతకాలం నా చేతిలో బాగానే నడిచింది" అన్నారు. ఆయనకు యాభై నాలుగేళ్లు. డిగ్రీలు రెండున్నాయి. కారు నాది, డబ్బు నాది, ఆగిపోతే మాత్రం తప్పు జీతగాడిది! ఇంత నీచమైన లెక్క ఏ బడిలో నేర్పారో నాకు తెలియదు. సాయంత్రం బండిని వ్యానుకు తగిలించి వెనక్కి పంపించాక, "సగం దారే నడిపావు కదా" అని అతని చేతిలో అయిదువందలు పెట్టారు. మా వదినగారు కూడా తలదించుకున్నారు. మిగతా అయిదువందలు నేనిచ్చాను. అది నా మంచితనం కాదు. నారింజదీపం వెలుగుతున్న బండిలోకి పిల్లను ఎత్తుకుని నోరు మూసుకుని ఎక్కినవాడిని నేను. ఆ కుర్రాడికి కాదు, నా భయానికి చెల్లించుకున్నాను.

పంపు మార్చారు, తొమ్మిదివేల చిల్లర అయింది. మా తోడల్లుడుగారు ఇప్పుడు బంధువులందరికీ, తాను వద్దన్నా వినకుండా మెకానిక్కు నడుస్తున్న బండికి పంపు మార్చాడని చెప్పుకుంటున్నారు. సాక్ష్యం కోసం పాత పంపును అడిగి మరీ తెచ్చుకుని, పాలిథీన్ కవరులో చుట్టి డిక్కీలో దాచారు. మొన్న చూశాను. అది సరిగ్గా త్రికోణం ఉండవలసిన చోట ఉంది. త్రికోణం ఇంకా అటక మీదే ఉంది.